ఫ్యాన్సీ డ్రెస్‌కి వండర్ ఉమన్: కడియాలు, కిరీటం, తాడు ఇంట్లోనే చేసుకోవడం ఎట్లా

మన నెల్లూరు, ఒంగోలు బళ్లల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ పెట్టారంటే ఝాన్సీ లక్ష్మీబాయి, భారతమాత, చిన్ని కృష్ణుడు తప్పకుండా ఉంటారు. ఈ మధ్య ఆ వరసలో అమెరికా కామిక్ పుస్తకాల సూపర్ నాయిక వండర్ ఉమన్ కూడా చేరింది. అద్దెకిచ్చే డ్రెస్సు చాలా మటుకు పల్చటి నైలాన్‌దే. ఛాతీ మీద గుర్తు అచ్చు వేసి ఉంటుంది, చేతులకు బంగారు రంగు గుడ్డ పట్టీలు ఇస్తారు. నాలుగో వరస కుర్చీలోంచి చూస్తే ఆ పాప ఎవరో పోల్చుకోలేం.

ఈ వేషాన్ని నిలబెట్టేవి మూడు వస్తువులు: చేతి కడియాలు, నుదుటి కిరీటం, నడుముకు వేలాడే తాడు. 1941 నుంచి ఇప్పటి దాకా ఆమె బట్టలు ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు గానీ, ఓ నాలుగైదేళ్లు తప్పిస్తే ఈ మూడూ ఆమెను వదల్లేదు. డబ్బూ, ఓపికా వీటి మీద పెట్టండి. బట్టల సంగతి మీ వీధి టైలరు చూసుకుంటాడు.

కింద ఇచ్చిన కొలతలు ఎనిమిదేళ్ల పాపకు సరిపోయేవి: తల చుట్టుకొలత 52 సెంటీమీటర్లు, మణికట్టు 14, నడుము 22 ఇంచీలు. మీ పాపను టేపు పెట్టి కొలిచి, తేడాను బట్టి సర్దుకోండి.

ముందు ఏ కాలం వేషమో తేల్చుకోండి

వండర్ ఉమన్ మొదట కనిపించింది ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికలో. అది 1941 అక్టోబరులో అమ్మకానికి వచ్చింది. కథ విలియం మౌల్టన్ మార్స్టన్‌ది, బొమ్మలు హెచ్.జి. పీటర్‌వి. అప్పటి వేషం ఇదీ: ఛాతీ మీద బంగారు గద్ద ఉన్న ఎర్ర పైబట్ట, తెల్ల నక్షత్రపు చుక్కలున్న నీలి లంగా, మధ్యలో తెల్ల గీతతో ఎర్ర బూట్లు. లంగా పోయి పొట్టి నిక్కరు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. గద్ద మాత్రం 1982 దాకా ఉంది. ఆ ఏడాది దాని స్థానంలో ఒకదాని మీద ఒకటి పేర్చిన రెండు డబ్ల్యూల గుర్తు వచ్చింది. అద్దె డ్రెస్సుల మీద ఉండేది అదే.

1968లో ఆమె శక్తులూ, కడియాలూ, తాడూ అన్నీ తీసేసి, తెల్ల ప్యాంటూ చొక్కా తొడిగి, కరాటే లాంటి విద్యలు నేర్పి మామూలు మనిషిని చేశారు. 1973 మొదట్లో పాత వేషం తిరిగొచ్చింది. 2010లో ఆమె కామిక్ 600వ సంచికకు ప్యాంటు, పైన పొట్టి జాకెట్టు వేశారు. 1975 నుంచి 1979 దాకా టీవీలో లిండా కార్టర్ వేసింది పొట్టి నిక్కరు వేషం. 2017 సినిమాలో గాల్ గాడోట్ వేసింది కంచు కవచం లాంటిది, కింద తోలు పట్టీల లంగా.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, పొట్టి నిక్కరు వద్దని బడివాళ్లో, ఇంట్లో నాయనమ్మో అంటే ‘ఇక అసలు వేషం కుదరదు’ అని వదిలేసుకోనక్కర్లేదు. లంగా తొలి వేషంలోనే ఉంది. ప్యాంటు కూడా కథలో ఉన్నదే. మా సలహా: 1941 నాటి లంగా, దాని కింద నీలి లెగ్గింగు, ఛాతీ మీద 1982 గుర్తు. రెండు కాలాలను కలిపినట్టే లెక్క, అయినా పరవాలేదు. గద్ద రెక్కలు కత్తిరించడం కష్టం, దూరానికి అది పావురమో కాకో తేలదు. 2017 కవచం జోలికి వెళ్లొద్దు. అంత ఫోము ఒంటికి బిగిస్తే పాప కూర్చోలేదు, స్టేజీ వెనక గంటసేపు నిలబడే ఉండాలి. 1968 తెల్ల ప్యాంటు అన్నిటికంటే సులువు. కానీ ఎవరని అడగని వాళ్లుండరు.

ఇంకో మాట. ఎరుపు, నీలం, తెలుపు, చుక్కలు అమెరికా జెండాలోంచి వచ్చినవి. అదే పద్ధతిలో మన జెండా రంగులతో, అశోక చక్రంతో లంగా కుట్టిద్దామని కొందరికి అనిపిస్తుంది. ఆ పని చెయ్యకండి. జాతీయ జెండాను నడుము కింద తొడిగే బట్టగా వాడటం 1971 నాటి జాతీయ గౌరవ చట్టం ప్రకారం నేరం.

సామాను

5 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ షీటు ఒకటి, 2 మిల్లీమీటర్ల ఏ4 షీట్లు ఆరు. పల్చటివి స్టేషనరీ కొట్లలో ఉంటాయి. మందంది నెల్లూరు, ఒంగోలులో దొరుకుతుంది. కావలి, దర్శి లాంటి చోట్ల దొరక్కపోతే పిల్లల గదిలో పరిచే జిగ్‌సా మ్యాటు గానీ, ఈవీఏ యోగా మ్యాటు గానీ కోసుకోవచ్చు. మ్యాటు ఒక పక్క గరుకుగా ఉంటుంది, ఆ పక్కను లోపలికి పెట్టండి. వేలితో నొక్కితే గుంట పడి అట్టాగే ఉండిపోయే మెత్తటి ప్యాకింగ్ ఫోము పనికిరాదు.

జిగురుకు ప్లైవుడ్ కొట్లో సింథటిక్ రబ్బరు జిగురు అడగండి. వడ్రంగులు సన్మైకా అతికించే పసుపురంగుది. చిన్న డబ్బా చాలు. తెల్ల ఫెవికాల్ ఈ పనికి రాదు. దానికి నీరు ఆవిరైపోవాలి, ఫోములోంచి నీరు బయటికి పోదు, అందుకే రెండు ముక్కల మధ్య అది రోజంతా పచ్చిగానే ఉంటుంది. ఫెవిక్విక్ అతుకుతుంది గానీ గట్టిపడి వంచినచోట పెళుసుగా విరుగుతుంది. గ్లూ గన్ సులువే, అయితే ఎండలో నిలబెట్టిన కారులో వేషాన్ని వదిలేస్తే ఆ జిగురు మెత్తబడి ముక్కలు జారతాయి. ఏప్రిల్ వార్షికోత్సవాలకు అది మరీ ప్రమాదం.

ఇవి కాక, కొత్త బ్లేడు వేసిన పెద్ద కట్టరు, వెండి, బంగారు రంగు అక్రిలిక్ పెయింట్లు, కాస్త నలుపు, ప్రైమరుకు తెల్ల ఫెవికాల్ (దాని అసలు పని ఇక్కడ), ఇంచి వెడల్పు ఎలాస్టిక్ మీటరున్నర, వెల్క్రో మీటరు, జరీ డోరీ పదకొండు మీటర్లు. డోరీ నెల్లూరు చిన్నబజారు వైపు లేసులు అమ్మే కొట్లలో చూడండి.

కడియాలు

ముందు ఇవే చెయ్యండి. వేషంలో అన్నిటికంటే ముఖ్యమైనవీ ఇవే, ఎక్కువమంది పాడుచేసుకునేవీ ఇవే.

మార్స్టన్ ఇంట్లో ఆయన భార్య ఎలిజబెత్‌తో పాటు ఆలివ్ బర్న్ అనే ఆవిడ కూడా ఉండేది. ముగ్గురూ ఒకే కుటుంబంగా బతికారు. ఆలివ్ రెండు చేతులకూ వెడల్పాటి వెండి కడియాలు వేసుకునేది. కథలోకి వచ్చినవి అవే. కథలో వాటికి రెండు పనులు. తూటాలను అడ్డుకోవడం ఒకటి. ఆమె జాతివాళ్లైన అమెజాన్ స్త్రీలు (గ్రీకు పురాణాల వీరవనితలు) ఒకప్పుడు గ్రీకు వీరుడు హెర్క్యులిస్ చేతికి చిక్కి సంకెళ్లలో పడ్డ సంగతి మరవకుండా గుర్తుచెయ్యడం రెండోది. మగవాడెవడైనా ఆ రెండు కడియాలకూ గొలుసు బిగిస్తే ఆమె బలం పోతుందని తొలి కథల్లో ఉంది. అందుకే ఇవి పూలూ రాళ్లూ పొదిగిన నగల్లా ఉండకూడదు. నునుపుగా, బరువుగా, ఉక్కులా కనపడాలి. రంగు వెండి.

కొలత. పాప మణికట్టు దగ్గర టేపు పెట్టండి, 14 సెంటీమీటర్లు. అక్కణ్ణించి మోచేతి వైపు 9 సెంటీమీటర్లు పైకి వెళ్లి మళ్లీ కొలవండి, 17 దాకా వస్తుంది. ఈ తేడానే చాలామంది పట్టించుకోరు. దీర్ఘచతురస్రంగా కోసి చుట్టేస్తారు. అప్పుడు పైన బిగుతు, కింద వదులు. పాప చెయ్యి దించగానే కడియం అరచేతి మీదికి జారుతుంది. ముక్క విసనకర్ర ఆకారంలో ఉండాలి, కింద అంచు 14, పై అంచు 17, ఎత్తు 9, రెండు అంచులూ కొద్దిగా వంపు తిరిగి. లెక్కలు వెయ్యకుండా తేవాలంటే చేతికి న్యూస్ పేపరు బిగుతుగా చుట్టి టేపు వెయ్యండి. పైనా కిందా గీతలు గీసి, అడుగు పక్కన నిలువుగా కత్తిరించి విప్పండి. నమూనా సిద్ధం.

ఆ నమూనా 5 మిల్లీమీటర్ల ఫోము మీద పెట్టి అదే కొలతకు కోయండి. కొలిచినంతే కోస్తే చుట్టూ కలవదే అనుకుంటారు. నిజమే, వంగేటప్పుడు మందం ఒకటిన్నర సెంటీమీటరు దాకా తినేస్తుంది. మనకు కావాల్సింది ఆ సందే, ఎలాస్టిక్ అక్కడే వస్తుంది. కోసేటప్పుడు ఒకే ఊపులో లోతుగా నొక్కొద్దు. మొదటిసారి గీతలా లాగి, రెండోసారి తెగేటట్టు కోయండి. బ్లేడు మొద్దైతే అంచు ఎలక కొరికినట్టు వస్తుంది. ఆ అంచును ఏ రంగూ కప్పదు.

వంపు తేవడానికి ఇస్త్రీ పెట్టె చాలు. సిల్కు దగ్గర పెట్టి, ఫోము మీద తెల్లకాగితం వేసి, ఐదారు సెకన్లు ఆనించి తియ్యండి. ఇట్లా రెండు మూడుసార్లు. మెత్తబడగానే, అడుగు సన్నగా పైన వెడల్పుగా ఉన్న స్టీలు గ్లాసుకు చుట్టి, చల్లారే దాకా చేత్తో పట్టుకోండి. ఇది పెద్దవాళ్ల పని. కాగితం వెయ్యకుండా పెట్టె ఆనిస్తే ఫోము కరిగి అంటుకుంటుంది, ఆ పెట్టెతో తర్వాత ఏ తెల్లచొక్కా ఇస్త్రీ చేసినా మచ్చ పడుతుంది.

పైనా కిందా అంచులకు సెంటీమీటరు వెడల్పు 2 మిల్లీమీటర్ల పట్టీ అతికిస్తే పోత పోసిన కడియంలా కనపడుతుంది. రబ్బరు జిగురును రెండు ముక్కలకూ పల్చగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆగండి. వేలు పెడితే చెమ్మగా తగలాలి కానీ వేలికి అంటకూడదు. అప్పుడు ఒక్కసారే సరిగ్గా ఆనించి నొక్కాలి. పడితే మళ్లీ రాదు, జరపడం కుదరదు. ఫ్యాను వేసి, కిటికీ తీసి, పొయ్యికి దూరంగా చెయ్యండి. ఆవిరి అంటుకునే రకం.

బాలల దినోత్సవం నవంబరు 14. మన జిల్లాల్లో అవి ఈశాన్య రుతుపవనాల రోజులు. ఆ తడిగాలికి జిగురు మీద సన్నటి తెల్లపొర, ఆవిరి పట్టిన అద్దంలా, కడుతుంది. జిగురు ఆరేటప్పుడు చల్లబడి, గాలిలో చెమ్మను తన మీదికి లాక్కుంటుంది. ఆ పొర ఉండగా అతికిస్తే పైకి బాగానే ఉంటుంది, స్టేజీ ఎక్కే వేళకు అంచు లేస్తుంది. ముసురు రోజుల్లో మధ్యాహ్నం పూట చెయ్యండి. పొర కడితే అది పోయే దాకా ఆగి, పైన మళ్లీ పల్చగా ఒక పూత వేసి అతికించండి.

రంగుకు ముందు తెల్ల ఫెవికాల్, నీళ్లు సమానంగా కలిపి మూడు పూతలు. ఒక్కో పూత మామూలు రోజుల్లో అరగంటలో, ముసురు పట్టినప్పుడు గంటన్నరలో ఆరుతుంది. ఈ పూత లేకపోతే ఫోము రంగును పీల్చేసుకుంటుంది, వంచితే పగుళ్లు వస్తాయి. వెండి రంగు రెండు పూతలు ఆరాక, నల్లరంగు ఒక పాలు, నీళ్లు నాలుగు పాళ్లు కలిపి పట్టీల మూలల్లోకి కుంచెతో పోనిచ్చి, వెంటనే గుడ్డతో తుడిచెయ్యండి. మూలల్లో మిగిలిన నలుపే దాన్ని లోహంలా చూపిస్తుంది. మిలమిలలాడే గ్లిట్టర్ షీటు మాత్రం వాడకండి, పుట్టినరోజు టోపీలా ఉంటుంది.

ఎలాస్టిక్ ఐదు సెంటీమీటర్ల ముక్కలు, ఒక్కో కడియానికి రెండు. లోపలి వైపు జిగురు పెట్టి, దారంతో కూడా నాలుగు కుట్లు వెయ్యండి. తొడిగే ముందు గాజులు తీసెయ్యాలి. లోపల గాజు చిట్లితే కోసుకుపోతుంది.

కిరీటం

ముందు భాగం 30 సెంటీమీటర్ల పొడవు, మధ్యలో ఆరున్నర ఎత్తు, చివరలకు వచ్చేసరికి రెండు. వెనకంతా ఎలాస్టిక్. దీనికి ఇస్త్రీ పెట్టె అక్కర్లేదు, ఇంకో ఉపాయం ఉంది. 2 మిల్లీమీటర్ల ముక్కలు రెండు కోయండి, పైది సెంటీమీటరు పొడవు ఎక్కువ. ఏ4 షీటు పొడవు 29.7 మాత్రమే కాబట్టి రెండు ముక్కలనూ ఐమూలగా గీసుకోండి. 16 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న స్టీలు డబ్బాకు లోపలి ముక్కను చుట్టి టేపుతో నిలపండి. రెండిటికీ జిగురు రాసి, ఆరనిచ్చి, పై ముక్కను మధ్య నుంచి చివరలకు నొక్కుకుంటూ రండి. వంపులో అతికిన రెండు పొరలు ఇక తిన్నబడవు. బల్ల మీద సమంగా అతికించి తర్వాత వంచితే లోపలి పొర ముడతలు పడుతుంది. చివర మిగిలింది కత్తిరించెయ్యండి.

బంగారు రంగు, మధ్యలో 3 సెంటీమీటర్ల ఎర్రచుక్క. చుక్కకు ఐదు కొనలు ఉండాలి. వృత్తం గీసి కోణమానినితో 72 డిగ్రీలకు ఒక గుర్తు పెట్టుకుంటే తప్పు రాదు. రెండు త్రిభుజాలు ఎదురెదురుగా పెట్టి ఆరు కొనల చుక్క వేసెయ్యడం మామూలుగా జరిగే తప్పు.

52లో 30 పోతే 22 మిగిలింది. ఎలాస్టిక్ 19 కనపడేటట్టు, అతుకులకు అటు రెండు ఇటు రెండు కలిపి 23 కోయండి. ఇక తలనూనె సంగతి. నూనె రాసిన జడ మీద కిరీటం నిలవదు, నుదుటి మీదికి దిగుతుంది. డబుల్ టేపు అస్సలు పట్టదు. ముందురోజు తలంటు పొయ్యండి. కిరీటం లోపల నల్ల నూలు రిబ్బను కుట్టండి, చెమట కూడా పీల్చుకుంటుంది. చెవుల వెనక రెండు పిన్నులు ఎలాస్టిక్ మీదుగా పెడితే కదలదు. జుట్టు వదిలేస్తేనే వేషం పండుతుంది. పొడుగు జడ అయితే సగం ముడి చాలు. బొట్టు ఉంచుకోవచ్చు, చుక్కకు కింద చిన్నదిగా.

తాడు

జరీ డోరీ మూడున్నర మీటర్ల ముక్కలు మూడు తీసుకుని జడలా అల్లితే రెండున్నర మీటర్లకు కాస్త అటూఇటూగా తాడు తయారవుతుంది. నూలు తాడుకు బంగారు రంగు వేస్తే కర్రలా బిగుసుకుంటుంది, రంగు రాలి లంగాకు అంటుతుంది. మూరెడు కంటే కాస్త చిన్న చుట్టలు మూడు చుట్టి, నడుం పట్టీకి కుడిపక్క వెల్క్రో చెవి ఒకటి కుట్టి అందులో పెట్టండి. పాప ఒక్క చేత్తో లాగితే రావాలి. ఇంట్లో పదిసార్లు లాగించి చూడండి. ముడి వేసి కట్టిన తాడు స్టేజీ మీద ఊడి రాదు, పాప ఏడుపు మొహం పెడుతుంది.

చివర ఉచ్చు జారుముడి కాకూడదు. వలయం చేసి దారంతో కుట్టెయ్యండి, బిగియకుండా. ఆ వలయం మొదట్లో రెండు సెంటీమీటర్ల వెల్క్రో అతుకు పెడితే ఎవరైనా గట్టిగా లాగినా విడిపోతుంది. మెడకు ఎవరికీ వెయ్యకూడదు, ఆటకు కూడా. స్టేజీ మీద పక్కపిల్ల చేతికి వేస్తే చాలు.

మార్స్టన్ మనస్తత్వ శాస్త్రవేత్త. అబద్ధం చెప్పేటప్పుడు రక్తపోటు పెరుగుతుందన్న పరీక్ష మీద పనిచేశాడు. ఆ పరీక్షను సాక్ష్యంగా తీసుకోబోమని 1923లో వాషింగ్టన్‌లో అప్పీలు కోర్టు చెప్పింది. అబద్ధాల పరీక్షే తాడుగా మారిందని ఎక్కడ చూసినా రాస్తారు. అది సగమే నిజం. 1942 నాటి తొలి కథల్లో ఆ తాడు పడ్డవాళ్లు ఆమె ఏం చెప్తే అది చెయ్యాలి, నిజం చెప్పడం అందులో ఒకటి. కాలం గడిచే కొద్దీ అది నిజం చెప్పించే తాడుగా స్థిరపడింది.

నడుం పట్టీ, ఛాతీ గుర్తు

పట్టీ 5 సెంటీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల పొరలు రెండు, వెనక వెల్క్రో. పాత వెంకటగిరి చీర అంచు ఉంటే ఫోము మీద మడిచి కుట్టండి, ఏ బంగారు పెయింటూ అట్లా మెరవదు. కట్టుకునే చీర మాత్రం కొయ్యకండి, ఇంట్లో అసలైన యుద్ధం మొదలవుతుంది.

ఛాతీ గుర్తు వెడల్పు 20, ఎత్తు 10 సెంటీమీటర్లు. గళ్ల కాగితం మీద సగం గీసి, మడిచి కత్తిరిస్తే రెండు పక్కలూ సమానంగా వస్తాయి. గుర్తునంతా ఒకే ముక్కగా బట్టకు అతికించేస్తే పాప కూర్చోగానే ముక్క మధ్యకు విరిగి పైకి లేచి గడ్డానికి తగులుతుంది. మధ్య భాగాన్ని మాత్రమే అతికించి రెక్కల కొనలు వదిలెయ్యండి. కింది డబ్ల్యూను విడి ముక్కగా పెట్టండి. రబ్బరు జిగురు శాటిన్ లోంచి ఇంకి మరక కనపడుతుంది కాబట్టి ఇక్కడ జిగురు కాదు, కుట్టే నయం.

బట్టలు

లంగాకు 44 ఇంచీల పన్నా ఉన్న నీలం గుడ్డ ముప్పావు మీటరు. టైలరుకు ఇంత చెప్తే చాలు: ‘అన్నా, హాఫ్ అంబ్రెల్లా. నడుం ఇరవై రెండు, పొడుగు మడతతో కలిపి పదిహేను, మడత ఇంచి.’ లెక్క సరిగ్గా కుదురుతుంది. సగం వృత్తానికి నడుం 22 రావాలంటే లోపలి వ్యాసార్ధం 7 ఇంచీలు. దానికి పొడుగు 15 కలిపితే 22, రెండు పక్కలా 44. అంటే పన్నా అంతా వాడకమే, అతుకు ఉండదు. ఇంకా పొడుగు కావాలంటే అతుకు పడుతుంది, లేదా 58 పన్నా గుడ్డ తీసుకోవాలి. పాలియెస్టర్ శాటిన్ మెరుస్తుంది గానీ లోపల కాటన్ లైనింగ్ లేకపోతే మన ఉక్కకు ఒంటికి అంటుకుంటుంది.

తెల్లచుక్కలు ఫెల్ట్‌వి, 4 సెంటీమీటర్లవి, ఇరవై పైచిలుకు. కింద అంచుకు దగ్గరగా రెండు వరసలు వేస్తే దూరానికి బాగా తెలుస్తాయి, లంగా అంతా చల్లితే చుక్కల పరికిణీలా ఉంటుంది. పైకి ఒంటికి పట్టిన ఎర్ర టీషర్టు సరిపోతుంది. భుజాలు లేని జాకెట్టు కుట్టించి, అది జారకుండా పోటీ అయ్యేదాకా పాప దాన్ని చేత్తో పట్టుకునేట్టు చెయ్యడం దండగ.

బూట్లు కొనకండి. రోజూ వేసుకునే బూట్ల మీద ఎర్ర రెక్సిన్ తొడుగు, 24 సెంటీమీటర్ల ఎత్తు, వెనక వెల్క్రో, మధ్యలో తెల్లపట్టీ. లోపల 2 మిల్లీమీటర్ల ఫోము, మడమ కింద ఎలాస్టిక్ లేకపోతే పది అడుగులు నడిచేలోగా చీలమండ దగ్గర కుప్పపడుతుంది.

స్టేజీ మీద ఏం చెప్పాలి

వేషం ఎంత బాగున్నా నిమిషంన్నర మాట్లాడాలి, జడ్జీలు ఒకటి రెండు ప్రశ్నలు అడుగుతారు. ఈ మాటలు ఎనిమిదేళ్ల పిల్ల నోటికి పడతాయి:

‘నా పేరు డయానా. అమెజాన్ల రాణి హిప్పోలిటా కూతుర్ని. 1941లో అమెరికాలో నన్ను కామిక్ పుస్తకంలో పుట్టించారు. అప్పట్లో బలవంతులంటే అందరూ మగవాళ్లే అనుకునేవాళ్లు. (చేతులు అడ్డంగా, కడియాలు తగిలేట్టు) ఈ కడియాలతో తూటాల్ని ఆపుతాను. ఒకసారి నా శక్తులన్నీ తీసేశారు. 1972లో ఆడవాళ్ల పత్రిక ఒకటి నా పాత రూపాన్నే అట్ట మీద వేసింది. మరుసటేడు నా కడియాలు నాకు తిరిగొచ్చాయి. (తాడు లాగి) ఇది పడితే ఎవరైనా నిజం చెప్పాల్సిందే. హోంవర్క్ చేశామని టీచరుకు అబద్ధం చెప్పినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?’

ఆ చివరి ప్రశ్నకు హాలంతా నవ్వుతుంది. నవ్వు తగ్గే దాకా ఆగి దణ్ణం పెట్టమనండి.

ఆ పత్రిక పేరు మిజ్, గ్లోరియా స్టైనెమ్ స్థాపకుల్లో ఒకరు. 1972 జులై సంచిక అట్ట మీద వీధంత ఎత్తున నడుస్తున్న వండర్ ఉమన్, పైన ఆమెను అధ్యక్షురాలిని చెయ్యాలన్న మాట. చిన్నప్పుడు ఆమె కథలు చదివి పెరిగినవాళ్లు, పెద్దయ్యాక ఆమెను తమ ఉద్యమానికి గుర్తుగా పెట్టుకున్నారు. అయితే అదే వేషం మీద అభ్యంతరాలూ ఉన్నాయి. 2016 అక్టోబరు 21న ఐక్యరాజ్యసమితి ఆమెను ఆడపిల్లల, మహిళల సాధికారతకు గౌరవ రాయబారిగా ప్రకటించింది. ఆ ఒంటికి ఆ పొట్టి బట్టలేమిటి, నిజమైన ఆడమనిషి ఎవరూ దొరకలేదా అని సమితి ఉద్యోగులే నిరసన తెలిపారు, సంతకాలు సేకరించారు. డిసెంబరులో ఆ ప్రచారం ముగిసిపోయింది. జడ్జి ఈ ప్రశ్న అడిగితే పాప దబాయించకూడదు. ‘అందుకే నేను లంగా, లెగ్గింగు వేసుకొచ్చా. నా మొదటి వేషంలో లంగానే ఉంది’ అంటే చాలు.

తరచూ దొర్లే తప్పులు కూడా చూసుకోండి. ఆమె మార్వెల్ అనే కామిక్స్ కంపెనీ మనిషి కాదు, డీసీ అనే కంపెనీది. గ్రీకు పురాణాల్లో అమెజాన్లు ఉన్నారు, హిప్పోలిటా ఉంది, వండర్ ఉమన్ మాత్రం లేదు. మొట్టమొదటి సూపర్ నాయిక కూడా కాదు, 1940లోనే ఫాంటోమా వచ్చింది. కథలో ఆమె పుట్టిన ద్వీపం పేరు మొదట పారడైజ్ ఐలాండ్, థెమిస్కిరా అన్న పేరు 1987లో జార్జ్ పెరెజ్ కథలతో వచ్చింది.

ఇద్దరు పిల్లలు కలిసి చేసే అవకాశం ఉంటే దీన్ని వదులుకోవద్దు: 1942లో ఆమె సొంత పుస్తకం మొదలైనప్పుడు ప్రతి సంచికలో నిజంగా బతికిన ఒక స్త్రీ కథను బొమ్మలతో వేసేవారు. మొదటిది ఫ్లోరెన్స్ నైటింగేల్‌ది. ఆ పేజీల బాధ్యత టెన్నిస్ ఛాంపియన్ ఆలిస్ మార్బుల్ చూసేది. అదే పద్ధతిలో రెండో పాపకు ఖద్దరు చీర కట్టి పొణకా కనకమ్మను చెయ్యండి. స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసి, 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టినావిడ. తాడు ఆవిడ చేతికి వేసి ‘మీరేం చేశారు?’ అని వండర్ ఉమన్ అడగాలి, ఆవిడ చెప్పాలి. రెండో పాపకు ఫోము పనే లేదు, నాలుగు వాక్యాలు కంఠతా పడితే చాలు.

పోటీ రోజు

వేషమంతా ఇంటి దగ్గరే వేసి ఆటోలో తీసుకెళ్లొద్దు. బట్టలు, బూట్లు వేసుకుని వెళ్లి, కడియాలు, కిరీటం, తాడు బడిలో తొడగండి. వాటిని అట్టపెట్టెలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో కుక్కితే కొత్త రంగు ఒకదానికొకటి అంటుకుంటుంది. పెట్టె కారు డిక్కీలో ఎండకు వదలకండి. చేతిసంచిలో సూదీ దారం, ఫెవిక్విక్, నాలుగు పిన్నులు, చిన్న తువ్వాలు. ఫెవిక్విక్ ఒంటి మీద ఉన్నదానికి వెయ్యకండి, తీసి అతికించి ఆరాక తొడగండి. పేరు పిలవడానికి ముందు పాపను ఒకసారి బాత్రూమ్‌కి తీసుకెళ్లడం మరవొద్దు. నడుం పట్టీ, తాడు, లెగ్గింగు అన్నీ విప్పి మళ్లీ కట్టడానికి పది నిమిషాలు పడుతుంది.

అయిపోయాక కడియాల్లో స్టీలు గ్లాసులు, కిరీటంలో పాత చీర ఉండ పెట్టి పెట్టెలో సర్దితే వంపు చెడదు. మీద బరువు పెట్టకండి. వచ్చే ఏడాదికి పాప చెయ్యి పెరిగి ఉంటుంది. ఎలాస్టిక్ ముక్క విప్పి ఒక సెంటీమీటరు ఎక్కువ పొడుగున్నది వేస్తే అవే కడియాలు ఇంకో రెండేళ్లు వస్తాయి.